వదలని అనుబింబాలు: పాలినాప్సియా, విజువల్ స్నో, ఆందోళన

ఒక వెలుగునో ఆకారాన్నో చూసి చూపు మళ్ళించాక కూడా దాని ఛాయ కంటి ముందు నిలిచి ఉంటే దాన్ని అనుబింబం అంటారు. చూపున్న ప్రతివారికీ ఇది అనుభవమే. కెమెరా ఫ్లాష్ మెరిశాక తేలియాడే మచ్చ, ఎదురు లారీ హెడ్‌లైట్లు దాటిపోయాక చీకట్లో మిగిలే రెండు చుక్కలు, కిటికీ వైపు చూసి కళ్ళు మూసుకుంటే కనిపించే ఊచల గీతలు ఈ కోవలోవే. మామూలుగా ఇవి కొద్ది సెకన్లలో చెదిరిపోతాయి. కొందరికి మాత్రం సాధారణమైన వెలుతురులో సాధారణమైన వస్తువును చూసినా ఛాయ మిగిలిపోతుంది. చదువుతున్న పుస్తకంలోని వరుసలు గోడ మీద గీతలుగా కనిపిస్తాయి. కదిలే చేతి వెనక దాని జాడలు వరుసగా సాగుతాయి. ఇలా నెలలు, ఏళ్ళు గడుస్తాయి. చూసినది చూపులో మళ్ళీ కనిపించే ఈ స్థితికి వైద్యంలో పాలినాప్సియా అని పేరు.

ఈ స్థితి ఉన్నవారిలో ఆందోళన తరచుగా కనిపిస్తుంది. అందువల్ల రెండు తొందరపాటు తీర్పులు వినిపిస్తుంటాయి. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి అదంతా టెన్షన్ అనేది ఒకటి. నాకు కనిపిస్తున్నది నిజం కాబట్టి మనసుతో దానికి సంబంధం లేదనేది రెండోది. ఇంతవరకు జరిగిన పరిశోధన ఈ రెంటినీ సమర్థించదు. ఛాయ నిజంగానే కనిపిస్తుంది, దానికి నాడీవ్యవస్థలో ఆధారం ఉంది. అది ఎంత బాధిస్తుంది, రోజులో ఎంతసేపు కళ్ళకు తగులుతూ ఉంటుంది అన్నది మాత్రం చాలావరకు మనం దానిపై పెట్టే ధ్యాస మీదా, దాన్ని చూసి పడే భయం మీదా ఆధారపడుతుంది.

సహజమైన అనుబింబం

ఎర్రటి గుండ్రాన్ని కన్ను కదపకుండా అర నిమిషం చూసి తెల్లకాగితం వైపు తిరిగితే అదే పరిమాణంలో నీలం కలిసిన ఆకుపచ్చ గుండ్రం కనిపిస్తుంది. పసుపును చూస్తే నీలం, నలుపును చూస్తే వెలుగు కనిపిస్తాయి. ఇది వ్యతిరేక అనుబింబం. ఫ్లాష్ వంటి తీవ్రమైన వెలుగు తరువాత అదే రంగులో క్షణకాలం నిలిచేది అనుకూల అనుబింబం. రెటీనాలోని కోన్ కణాలలో వెలుగును పట్టే వర్ణద్రవ్యం కాంతి తగిలినప్పుడు రూపం మారి, తిరిగి సిద్ధం కావడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ సంకేతాలను మెదడుకు చేరవేసే గాంగ్లియన్ కణాలు ఉద్దీపన ఆగగానే కొంతసేపు ఎదురు దిశలో స్పందిస్తాయి. ఎరుపుకు ఆకుపచ్చ, పసుపుకు నీలం జంటలుగా పనిచేస్తాయని 19వ శతాబ్దంలో ఎవాల్డ్ హెరింగ్ చెప్పిన వర్ణ సిద్ధాంతం ఈ రంగుల మార్పుకు వచ్చిన ముఖ్యమైన తొలి వివరణల్లో ఒకటి.

శస్త్రచికిత్స గదుల్లో తెలుపు పోయి ఆకుపచ్చ రావడం వెనక కూడా ఇదే సూత్రం ఉంది. రక్తపు ఎరుపును గంటల తరబడి చూసిన కంటికి తెల్లటి గుడ్డ మీద ఆకుపచ్చ ఛాయలు తేలుతాయి. తెలుపు మిరుమిట్లు గొలుపుతుంది కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో శస్త్రవైద్యుడు హ్యారీ షెర్మన్ 1914లో తన ఆపరేషన్ గదికి పాలకూర రంగును ఎంచుకున్నాడు. ఎరుపుకు జోడీ రంగు అదేనని ఆయన లెక్క.

అనుబింబం స్వభావంలో కొన్ని సంగతులు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గవి, ఎందుకంటే ఇవి తెలియకపోవడం వల్లనే చాలామంది బెదిరిపోతారు. రెటీనా మీద పడిన ముద్ర కాబట్టి కన్ను ఎటు కదిలితే ఛాయ అటు కదులుతుంది. రెప్ప వేసినప్పుడల్లా మళ్ళీ స్పష్టమవుతుంది. చూపు ఎంత నిశ్చలంగా నిలిపితే అంత గాఢంగా ఏర్పడుతుంది. దగ్గరి కాగితం మీద చిన్నగా ఉన్న ఛాయ దూరపు గోడ మీద పెద్దదిగా కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ నేత్ర వైద్యుడు ఎమిల్ ఎమర్ట్ 1881లో దీన్ని సూత్రీకరించాడు. నిన్నటికంటే ఇవాళ మచ్చ పెద్దదయిందని భయపడేవారు చాలాసార్లు కొలుస్తున్నది గోడ దూరాన్నే.

ఆరోగ్యవంతమైన మెదడు కూడా చూసినదాని ప్రభావాన్ని చాలాకాలం దాచుకోగలదు. అమెరికన్ మనోవిజ్ఞానవేత్త సెలెస్ట్ మెకలా 1965లో వివరించిన రంగు ప్రభావం దీనికి సాక్ష్యం. ఒక రంగులో నిలువు గీతలను, మరో రంగులో అడ్డగీతలను కొద్ది నిమిషాల పాటు మార్చి మార్చి చూసినవారికి ఆ తరువాత నలుపు తెలుపు గీతలలో లేత రంగులు కనిపిస్తాయి. ఆ ప్రభావం రోజులు, కొన్నిసార్లు వారాలు కూడా నిలుస్తుంది. ఇది అచ్చమైన అనుబింబం కాదు, రెటీనా అలసటతో దీన్ని వివరించలేం. చూపు వ్యవస్థ పై అంచెల్లో కూడా ముద్రలు నిలవగలవని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

న్యూటన్, ఫెక్నర్

సూర్యుణ్ణి చూసి కళ్ళు మూసుకుంటే రంగు క్రమంగా మారుతూ చివరికి నలుపై మాయమవుతుందని అరిస్టాటిల్ స్వప్నాల మీద రాసిన గ్రంథంలో నమోదు చేశాడు. చార్లెస్ డార్విన్ తండ్రి రాబర్ట్ వేరింగ్ డార్విన్ 1786లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ విషయం మీద ప్రయోగాలు ప్రకటించాడు. గేథే 1810లో వెలువరించిన వర్ణ సిద్ధాంతంలో, ఎర్రని రవిక తొడుక్కున్న యువతిని చూశాక తెల్లగోడ మీద సముద్రపు ఆకుపచ్చ రంగు దుస్తులతో ఆమె ఛాయ కనిపించిన వైనం చెప్పాడు. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే తన చూపులోని వింతలనే పరిశోధనాంశంగా చేసుకున్నాడు. వీరందరిలోకీ వదలని అనుబింబాలతో బతకడం ఎలా ఉంటుందో చెప్పినవాడు న్యూటన్.

యువకుడిగా ఉన్నప్పుడు ఆయన అద్దంలో పడిన సూర్యబింబాన్ని కుడికంటితో చూసి, వెంటనే గదిలో చీకటి మూలకు తిరిగి ఏం కనిపిస్తుందో గమనించాడు. అలా కొన్నిసార్లు చేశాక, దాని గురించి తలచుకున్నప్పుడల్లా ఆ బింబం తిరిగి రావడం మొదలైంది. ఎడమకన్ను సూర్యుణ్ణి చూడనే లేదు, అయినా ఆ కంటికి కూడా అదే బింబం కనిపించింది. కొద్ది గంటల్లోనే ఏ వెలుగున్న వస్తువును చూసినా ముందు సూర్యుడే అడ్డువచ్చే స్థితి ఏర్పడింది. చదవడానికీ రాయడానికీ ధైర్యం చాలక మూడు రోజులు చీకటిగదిలో తలుపులు వేసుకుని, సూర్యుడి నుంచి ఆలోచన మళ్ళించడానికి చేయగలిగినదంతా చేశాడు. చూపు కుదుటపడింది. కానీ ఆ తరువాత కొన్ని నెలల పాటు, అర్ధరాత్రి తెరలు దించుకుని పడుకున్నప్పుడు సైతం, ఆ విషయం గురించి ఆలోచిస్తే చాలు బింబం వచ్చేది. 1691లో తత్త్వవేత్త జాన్ లాక్ అడిగిన ప్రశ్నకు జవాబుగా న్యూటన్ ఈ సంగతులన్నీ ఉత్తరంలో రాశాడు. చాలా ఏళ్ళుగా తాను బాగానే ఉన్నాననీ, సాహసిస్తే ఊహాబలంతో ఇప్పటికీ దాన్ని రప్పించగలననే అనుకుంటున్నాననీ చేర్చాడు.

తరువాతి మూడు శతాబ్దాల పరిశోధనకు కావలసిన ముడిసరుకంతా ఆ ఒక్క ఉత్తరంలో ఉందనడం అతిశయోక్తి కాదు. చూడని కంటికీ బింబం కనిపించిందంటే వ్యవహారం రెటీనాను దాటి మెదడు దాకా వెళ్ళింది. ఆలోచిస్తే వచ్చిందంటే ధ్యాసకు అందులో పాత్ర ఉంది. వేరే పనిలో మనసు పెట్టడం మేలు చేసిందంటే చికిత్సకు ఒక దారి కనిపించింది. నేటి వైద్యులు ఒప్పుకోనిది ఒక్కటే, చీకటిగది. ఆ సంగతి తరువాత వస్తుంది.

రెండో కథ ఇంత తేలికగా ముగియలేదు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన గుస్తావ్ ఫెక్నర్ 1830ల చివర అనుబింబాల రంగులను పరిశోధిస్తూ రంగుటద్దాల్లోంచి పదే పదే సూర్యుణ్ణి చూశాడు. అప్పటికే అధిక శ్రమతో అలసి ఉన్నాడు. 1839 చివరికి కుప్పకూలాడు. వెలుగు భరించలేక కళ్ళకు గంతలు కట్టుకుని చీకటిగదిలో దాదాపు మూడేళ్ళు గడిపాడు. తిండి సయించలేదు, ఆలోచనల మీద పట్టు తప్పింది, ఆచార్య పదవి పోయింది. 1843లో తోటలోకి వచ్చి గంతలు విప్పినప్పుడు పూలు వెలుగుతున్నట్టు కనిపించాయని ఆయన రాసుకున్నాడు. కోలుకున్నాక, 1860లో ప్రచురించిన మనోభౌతికశాస్త్ర గ్రంథం ద్వారా ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి పునాది వేశాడు. ఆయన జబ్బులో కంటి పాలు ఎంత, మనసు పాలు ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ చర్చిస్తారు. ఇలా రెండుగా విడదీసి చూడాలనే పట్టుదలే అసలు చిక్కని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పాలినాప్సియా రకాలు

బ్రిటిష్ నాడీ వైద్యుడు మెక్‌డోనల్డ్ క్రిచ్‌లీ 1951లో బ్రెయిన్ పత్రికలో, మెదడు దెబ్బతిన్న రోగులలో చూసిన దృశ్యం పట్టివిడవని తీరును వర్ణించి దానికి పేరు పెట్టాడు. చాలాకాలం పాటు దీన్ని మెదడు గాయాలకే పరిమితమైన అరుదైన లక్షణంగా భావించారు. ఇప్పుడు రెండు రకాలుగా చూస్తున్నారు.

మొదటిది భ్రాంతి తరహా. ఇందులో ఛాయ అప్పుడే చూసిన వస్తువుది, మసకగా ఉంటుంది, చూపులో అదే చోట నిలుస్తుంది, వెలుతురు హెచ్చుతగ్గులతో, కదలికతో మారుతుంది, కొద్దిసేపట్లో పోతుంది. మైగ్రేన్, తల దెబ్బలు, కొన్ని మందులు, మత్తు పదార్థాలు, చూపంతా చుక్కలు కనిపించే విజువల్ స్నో దీనికి కారణాలు. ఆందోళనతో సతమతమయ్యేవారిలో అత్యధికులకు ఉండేది ఈ రకమే.

రెండోది లేని దృశ్యాన్ని చూపే రకం. ఎప్పుడో చూసిన మనిషి ముఖమో, ఒక దృశ్యమో నిమిషాలో గంటలో గడిచాక స్పష్టంగా, వివరాలతో సహా తిరిగి కనిపిస్తుంది. చూపులో ఒక పక్కనే రావచ్చు. ఇది మెదడు వెనుక భాగంలో గడ్డ, రక్తనాళాల లోపం, అక్కడ మొదలయ్యే ఫిట్స్ వంటివాటిని సూచించవచ్చు. రక్తంలో చక్కెర విపరీతంగా పెరిగినప్పుడు ఇలాంటి ఫిట్స్ రావడం వైద్య సాహిత్యంలో ఉంది. మధుమేహం ఇంటింటి మాటైన మన ప్రాంతంలో ఇది గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఈ రకానికి ఆలస్యం లేకుండా నాడీ వైద్యుణ్ణి చూడాలి.

మందుల సంగతి రోగులు తమంత తాము ఊహించలేరు. సంతాన సాఫల్య చికిత్సలో విరివిగా వాడే క్లోమిఫీన్, మైగ్రేన్‌కూ మూర్ఛకూ ఇచ్చే టోపిరమేట్, కుంగుబాటుకూ నిద్రకూ ఇచ్చే ట్రాజొడోన్, మిర్టాజపిన్ కొందరిలో ఛాయలు తెప్పిస్తాయి. చాలామందిలో మందు మార్చాక తగ్గుతాయి, అయితే క్లోమిఫీన్ ఆపాక కూడా ఛాయలు మిగిలిపోయిన రోగులను 1990ల్లో వైద్యులు నివేదించారు. ఎల్‌ఎస్‌డీ వంటి మత్తు మందుల తరువాత మిగిలిపోయే చూపు మార్పులను అమెరికన్ మనోరోగ వైద్యుడు హెన్రీ ఏబ్రహామ్ 1983లో విపులంగా వర్ణించాడు. అమెరికన్ మనోవైద్యుల సంఘం రోగ నిర్ధారణ గ్రంథం దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. అలాంటి వాడకం ఉంటే కేసవుతుందనో ఇంట్లో తెలుస్తుందనో భయపడి డాక్టరు దగ్గర దాచేవారు నష్టపోయేది తామే.

విజువల్ స్నో

సిగ్నల్ పోయిన పాత టీవీ తెర మీద గిజగిజలాడే చుక్కలు లోకమంతటి మీదా పరిచినట్టు కనిపించడం విజువల్ స్నో. కళ్ళు తెరిచినా మూసినా, పగలూ రాత్రీ ఉంటుంది. 1995లో గ్రాంట్ ల్యూ బృందం మైగ్రేన్ ఉన్న పది మంది రోగులలో ఇలా చూపులో నిలిచిపోయే లక్షణాలను వర్ణించింది. అప్పట్లో దీన్ని ఆగని మైగ్రేన్ ఆరా, అంటే మైగ్రేన్ తలనొప్పికి తోడుగా వచ్చే చూపు మార్పు, అనుకున్నారు. 2014లో క్రిస్టోఫ్ షాంకిన్, పీటర్ గోడ్స్‌బీ తదితరులు ఇది మైగ్రేన్ ఆరాకు భిన్నమైన స్థితి అని నిరూపిస్తూ నిర్ధారణ ప్రమాణాలు ఇచ్చారు. చుక్కలు మూడు నెలలకు మించి ఉండాలి. దానితో పాటు ఛాయలు మిగలడం, కంట్లోని సొంత వస్తువులు అంటే తేలే నలకలూ నీలాకాశంలో మెరిసే కణాలూ అతిగా కనిపించడం, వెలుతురు పడకపోవడం, రాత్రి చూపు మందగించడం అనే నాలుగింటిలో కనీసం రెండు ఉండాలి. 2018 నాటి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ దీన్ని అనుబంధంలో చేర్చింది. సియెర్రా డాంబ్ అనే బాధితురాలు అమెరికాలో స్థాపించిన విజువల్ స్నో ఇనిషియేటివ్ వైద్యులకూ రోగులకూ దీన్ని పరిచయం చేయడంలో ముందు నిలిచింది.

బ్రిటన్‌లో సుమారు వెయ్యి మందిని అడిగి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ సిండ్రోమ్ ప్రమాణాలకు సరిపోయినవారు 2.2 శాతం. అదే ఏడాది ఫ్రాన్సెస్కా పులెద్దా బృందం 1,100 మంది వివరాలు విశ్లేషించింది. వారి సగటు వయసు దాదాపు 29. మిగిలే ఛాయలు, తేలే నలకలు, వెలుతురు పడకపోవడం చాలా ఎక్కువగా కనిపించిన తోడు లక్షణాలు. సగానికి పైగా మందికి మైగ్రేన్ ఉంది. చెవిలో హోరు కూడా చాలామందికి ఉంది. వీరిలో ఇంచుమించు 40 శాతం మందికి ఊహ తెలిసినప్పటి నుంచి చూపు ఇలాగే ఉంది.

ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగాలి. పుట్టుకతో ఇలా చూసేవారిలో చాలామంది లోకం అందరికీ ఇలాగే కనిపిస్తుందనుకుంటూ పెరుగుతారు. చదువులు చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు. ఇరవై అయిదో ఏట ఒక రాత్రి హఠాత్తుగా మొదలైనవారికీ కనిపించేవి అవే చుక్కలు, అవే ఛాయలు. వీరికి నిద్ర కరువవుతుంది, కళ్ళు పోతాయేమోనన్న భయం పట్టుకుంటుంది. ఈ తేడా మొత్తాన్ని దృశ్యం తీవ్రతతో వివరించలేం.

మెదడు స్కాన్లలో దృశ్య సమాచారాన్ని అర్థం చేసుకునే లింగ్యువల్ గైరస్ అనే భాగం మామూలుకంటే ఎక్కువ శక్తి ఖర్చు చేస్తున్నట్టు షాంకిన్ బృందం చూపింది. చూపును నడిపే మెదడు పైపొర, అంటే దృశ్య వల్కలం, అతిగా ఉత్తేజితమై ఉండడం, థాలమస్‌కూ వల్కలానికీ మధ్య లయ తప్పడం ముఖ్యమైన వివరణలు. వచ్చే సంకేతాల్లో ఏది ముఖ్యం, ఏది వదిలేయదగినది అని తేల్చడంలో పాలుపంచుకునే ఇన్సులాలో కూడా మార్పులు కనిపించాయి. శరీరంలోని ఆందోళనను మనం అనుభూతి చెందే తావుల్లో ఇన్సులా ఒకటి. రెండు సమస్యలూ తరచు జంటగా రావడానికి ఒక కారణం ఇక్కడే ఉండవచ్చు.

ఆందోళనతో ముడి

2021లో మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విజువల్ స్నో ఉన్నవారి మానసిక స్థితిని పరిశీలించినప్పుడు ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి, అలసట, తనకూ లోకానికీ మధ్య గాజుతెర ఉన్నట్టుండే అవాస్తవ భావన ఎక్కువగా తేలాయి. ముందు వచ్చింది ఏది అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే ఒకే జవాబు లేదు. కొందరికి తీవ్రమైన పానిక్ దాడితో పాటే చూపు మార్పు మొదలవుతుంది. కొందరికి చూపు మారాక, ఏ డాక్టరూ పేరు చెప్పలేకపోయాక ఆందోళన పుడుతుంది. మొదలు ఏదైనా, కొంతకాలానికి ఒకటి రెండోదాన్ని పోషించడం మొదలుపెడుతుంది.

ఆ పోషణ ఎలా జరుగుతుందో చూడాలంటే తనిఖీ అలవాటు దగ్గర మొదలుపెట్టాలి. నిద్ర లేవగానే తెల్లగోడ వైపు చూసి ఇవాళ ఎలా ఉందో పరీక్షించుకోవడం, బల్బు చూసి కళ్ళు మూసి ఛాయ ఎన్ని సెకన్లు ఉంటుందో లెక్కపెట్టుకోవడం, నీలాకాశంలో కణాలు వెతకడం చాలామంది బాధితులు చేస్తారు. తనిఖీ చేసే మనిషి చూపును ఒకచోట కదలకుండా నిలుపుతాడు. అనుబింబం గాఢంగా ఏర్పడడానికి ప్రయోగశాలలో చెప్పే పద్ధతి సరిగ్గా అదే. వెతికిన చూపే వెతికినదాన్ని తయారుచేస్తుంది. అది కనిపించగానే భయం పెరుగుతుంది, ఇంకోసారి చూసి తేల్చుకోవాలనిపిస్తుంది.

శరీరం కూడా ఇందులో చేయి వేస్తుంది. భయంలో సింపథెటిక్ నాడీవ్యవస్థ మేల్కొని కంటిపాప విప్పారుతుంది, లోపలికి వెలుగు ఎక్కువగా వస్తుంది, మిరుమిట్లు పెరుగుతాయి. నోరడ్రినలిన్ ప్రభావంతో మెదడు ఇంద్రియాల నుంచి వచ్చే ప్రతి చిన్న సంకేతానికీ విలువ పెంచుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు ప్రాణం కాపాడే ఏర్పాటు ఇది. ప్రమాదం తన చూపే అనుకున్న మనిషికి ఇది విశ్రాంతి లేకుండా చేస్తుంది. నిద్ర చాలకపోవడం, ఎక్కువ కాఫీ ఈ స్థితిని ఇంకా పెంచుతాయి.

తనిఖీ, శరీరం తరువాత మూడోది వ్యాఖ్యానం. శరీరంలో కలిగిన అనుభూతిని ముంచుకొస్తున్న విపత్తుగా అర్థం చేసుకోవడం పానిక్ రుగ్మతకు కేంద్రమని బ్రిటిష్ మనోవిజ్ఞానవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించాడు. గుండె దడను గుండెపోటుగా భావించేవారి సంగతి అందరికీ తెలుసు. ఛాయను మెదడు గడ్డగా, రానున్న అంధత్వంగా, మతి తప్పడానికి తొలిమెట్టుగా భావించడం అదే బాట. ఇంటర్నెట్‌లో అర్ధరాత్రి దాకా వెతికేవారికి ఈ మూడు భయాలూ ఒకే రాత్రిలో కలుగుతాయి. తనకు కనిపిస్తున్నది బయట లేదని, చూపులోనిదే అని తెలిసి ఉండడమే మతి నిలకడగా ఉందనడానికి గుర్తు. ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పే డాక్టరు దొరికితే సగం బరువు దిగిపోతుంది.

చెవిలో హోరు విషయంలో ఈ ముడిని వైద్యులు ముందే గుర్తించారు. పావెల్ యాస్ట్రెబాఫ్ 1990లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం హోరు చాలామందిలో పుడుతుంది. మెదడులోని భయ వలయాలు దాన్ని ప్రమాద సంకేతంగా ముద్ర వేసినవారికే అది బాధ అవుతుంది. ఆ ముద్ర చెరిగితే హోరు ఉన్నా వినిపించే వేళలు తగ్గుతాయి. మిగిలే ఛాయలకూ ఇదే వర్తిస్తుందని అనుకోవడానికి కొన్ని ఆధారాలున్నాయి. విజువల్ స్నోకు, హోరుకు ఉన్న సాన్నిహిత్యం వాటిలో ఒకటి.

అనుబింబం మీద నిండా ధ్యాస పెట్టినా భయం లేకపోతే ఏమవుతుందో మన యోగ సంప్రదాయంలో చూడవచ్చు. హఠయోగ ప్రదీపిక చెప్పే షట్కర్మలలో త్రాటకం ఒకటి. చిన్న గురి మీద కన్నీళ్ళు వచ్చేదాకా రెప్ప వేయకుండా చూపు నిలపడం దాని పద్ధతి. దీపం ముందు సాధన చేసేవారు కళ్ళు మూసుకుని జ్వాల అనుబింబం మీద మనసు నిలుపుతారు. అదే ఛాయ వారికి ఏకాగ్రతకు ఆలంబన. ఛాయలతో ఇప్పటికే బాధపడేవారు త్రాటకం చేయకపోవడం మంచిది. ఇక సూర్యుణ్ణి సూటిగా చూసే సాధన ఎవరికీ తగదు. అది రెటీనా మధ్యభాగాన్ని కాల్చి, మాయని మచ్చను మిగల్చగలదు.

పరీక్షలు

తెలుగు రాష్ట్రాల్లో బాధితుల దారి సాధారణంగా కళ్ళజోళ్ళ షాపుతో మొదలై కంటి ఆసుపత్రి, నరాల డాక్టరు, ఎంఆర్‌ఐ మీదుగా సాగుతుంది. చూపు 6/6, రెటీనా బాగుంది, స్కాన్ నార్మల్. ఇది నిజంగా శుభవార్త. కానీ పేరు చెప్పకుండా బలానికి మాత్రలు రాసి పంపితే రోగికి అది శుభవార్తగా వినిపించదు. తీవ్రమైన జబ్బేదో దొరకకుండా తప్పించుకుందని అనుకుంటాడు. నాడీ సంబంధ నేత్ర వైద్యం తెలిసినవారు త్వరగా గుర్తుపడతారు. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, నెల్లూరు, చిత్తూరు వైపువారు ఎక్కువగా వెళ్ళే చెన్నై శంకర నేత్రాలయ వంటి చోట్ల ఈ విభాగాలున్నాయి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఆందోళన అని సరిపెట్టుకోకూడదు. ఒక్క కంట్లోనే కనిపించడం, హఠాత్తుగా మెరుపులూ నల్లని నలకల జల్లూ రావడం, చూపులో ఒక పక్క తెర దిగినట్టుండడం రెటీనా ఊడిపోతున్నదనడానికి సూచనలు కావచ్చు. ఆ రోజే కంటి వైద్యుణ్ణి చూడాలి. చూపులో సగభాగానికే పరిమితమైన ఛాయలు, స్పృహ తప్పడం, చేయీ కాలూ బలహీనపడడం, యాభై దాటాక కొత్తగా మొదలవడం నాడీ పరీక్షలు కోరతాయి.

చికిత్స, దినచర్య

విజువల్ స్నోను పూర్తిగా తుడిచేసే మందు లేదు. మూర్ఛకు వాడే లామోట్రిజిన్ ఎక్కువగా ప్రయత్నించిన మందు. 2019లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన వివరాల్లో అది తీసుకున్న 26 మందిలో అయిదుగురికి కొంత మేలు జరిగింది, పూర్తిగా పోయినవారు ఒక్కరూ లేరు. సగంమందికి దుష్ఫలితాలు వచ్చాయి. కారణం మందు అయితే మందు మార్చడం, మైగ్రేన్ అయితే మైగ్రేన్‌ను అదుపు చేయడం, ఫిట్స్ అయితే వాటికి చికిత్స చేయడం మొదటి మెట్టు. ఆందోళనకు ఇచ్చే మందులు చాలామందికి మేలు చేస్తాయి, కొద్దిమందిలో ఛాయలను కొంతకాలం పెంచుతాయి. అలా జరిగితే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. సొంతంగా ఒక్కసారిగా మానేయడం మరింత ప్రమాదం.

సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స తనిఖీ అలవాటును, విపత్తు ఊహలను సూటిగా పట్టించుకుంటుంది. ధ్యాస సాధనతో దాన్ని కలిపిన ఎనిమిది వారాల శిక్షణను విజువల్ స్నో బాధితుల కోసం మలచి లండన్‌లో పరీక్షించినప్పుడు లక్షణాల తీవ్రత, వాటివల్ల జీవితానికి కలిగే ఆటంకం రెండూ తగ్గాయి. మెదడు దృశ్య వలయాల అనుసంధానంలో కూడా మార్పులు కనిపించాయి. మనసుకు చేసిన చికిత్స మెదడు స్కానులో కనిపించిందంటే ఛాయలు ఊహలని కాదు. శిక్షణకు లొంగే చోట అవి ముడిపడి ఉన్నాయని.

ఇంట్లో చేసుకోగల సర్దుబాట్లు చిన్నవే అయినా విలువైనవి. నల్లటి తెర మీద తెల్లని అక్షరాలు, తెల్లటి తెర మీద కరినల్లని అక్షరాలు రెండూ గీతల ఛాయలను మిగులుస్తాయి. లేత గోధుమ రంగు నేపథ్యం, తగ్గించిన వెలుగు కంటికి హాయి. చీకటి గదిలో ఫోను చూడడం కన్నా గదిలో సమంగా పరుచుకున్న దీపకాంతి మేలు. ఎఫ్‌ఎల్-41 అనే గులాబీ ఛాయ అద్దాలు వెలుతురు పడనివారిలో కొందరికి ఉపశమనం ఇస్తాయి. ఇంట్లో కూడా నల్లకళ్ళజోడు పెట్టుకోవడం, న్యూటన్‌లాగా, ఫెక్నర్‌లాగా చీకటిలో దాక్కోవడం మాత్రం ఎదురు తిరుగుతుంది. చీకటికి అలవాటుపడ్డ కన్ను వెలుగుకు మరింత సున్నితమవుతుంది, బయటి పని లేని మనసు చూపు మీదే కాపలా కాస్తుంది. రాత్రివేళ హైవే మీద బండి నడపడం ఎదుటి హైబీమ్ వెలుగుల వల్ల వీరికి నిజంగా కష్టం. వీలైనంతవరకు మానుకోవాలి. గంజాయి, మత్తు పదార్థాలు పూర్తిగా వదలాలి.

కుటుంబం పాత్ర చిన్నది కాదు. కనిపించని జబ్బు గురించి చెప్పుకునే మనిషికి ఇంట్లో మొదట ఎదురయ్యే మాట నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావని. మాట పూర్తిగా అబద్ధం కాకపోయినా ఆ సమయంలో అది తలుపు మూసేస్తుంది. కనిపిస్తున్నదాన్ని నమ్ముతున్నామని ముందు చెప్పి, తరువాత భయం గురించి మాట్లాడితే వింటారు. పిల్లలు గాలిలో చుక్కలు ఉన్నాయంటే గద్దించకుండా, బెదరకుండా ఒకసారి కంటి పరీక్ష చేయించి మామూలుగా ఉండనిస్తే వారిలో చాలామందికి అది సమస్యగా మారదు.

మనోవైద్యుడి దగ్గరికి వెళ్ళమంటే హైదరాబాదులో ఇప్పటికీ ఎర్రగడ్డ పేరు ఎగతాళిగా వినబడుతుంది. అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో దశాబ్దాలుగా ఎందరో కోలుకుని ఇంటికి వెళ్ళారు. ఆ ఎగతాళి అన్యాయమే కాదు, సాయం అందవలసినవారిని ఆసుపత్రి మెట్టు ఎక్కనివ్వదు. ముఖాముఖి వెళ్ళడానికి జంకేవారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఛాయలు కనిపిస్తున్నాయని, వాటివల్ల భయంగా ఉందని రెండూ చెప్పాలి. ఒకటి దాచి రెండోది చెబితే ఫోను అందుకున్నవారికి సగం సమస్యే అర్థమవుతుంది.